వేడి వేడి కృత్తులు

నిలబడి చేసే ఉద్యోగాల్లోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. కుర్చీ ఉద్యోగాల వాళ్ళు చదివినా నాకేం అభ్యంతరం లేదు గానీ, సాయంత్రానికి పిక్కలు పట్టేసే బాధ వాళ్ళకి అంతగా తెలియదు. అమలాపురంలో కిరాణా కొట్టు తక్కెడ దగ్గర మొదలైన నా ఉద్యోగం, జొన్నాడ దగ్గర హైవే మీద, పెట్రోలు బంకు ఆవరణలోని ఏసీ కొట్లో ముగిసింది. మధ్యలో ఎన్ని కొట్లు మారానో, ఎందరి చేత తిట్లు తిన్నానో చెప్పుకుంటూ పోతే అదో పెద్ద భారతం. అవన్నీ వదిలేసి ఒక్క కార్తీక మాసం సంగతి చెబుతాను. మధ్యాహ్నం భోంచేసి వాలు కుర్చీలో కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ నాకు కనబడేది అదే. చీకట్లో వెలుగుతున్న సగం బోర్డు, దాని కింద ఆవిరి, ఆ ఆవిరి వెనక ఒక అమ్మాయి మొహం.

ఆ కొట్టుని కంపెనీ వాళ్ళు కన్వీనియన్స్ స్టోర్ అనేవారు. చుట్టుపక్కల జనం బంకు కొట్టు అనేవారు. నేను దానికి ఇన్‌చార్జిని. తెల్లవారుతూనే కొత్తపేటలో మా ఇంటి దగ్గర స్కూటరు తీసి, రావులపాలెం దాటి, గౌతమి వంతెన ఎక్కేవాణ్ణి. చలికాలం పొద్దున్న ఆ వంతెన మీద మంచు ఎలా ఉండేదంటే, కింద గోదారి కనపడదు, పైన ఆకాశం కనపడదు, ముందు వెళ్ళే లారీ ఎర్ర దీపాలు మాత్రం గాల్లో తేలుతూ పోతుంటాయి. ఎక్కడికి వెళుతున్నానో కాసేపు మర్చిపోయేవాణ్ణి. వంతెన దిగేసరికి బంకు దీపాలు కనబడేవి. అప్పుడు గుర్తొచ్చేది, నేను ఉద్యోగానికి వెళుతున్నానని.

మా ఏరియా మేనేజరు హైదరాబాదు నుంచి వచ్చిన చిన్న వయసువాడు. మంచివాడే. కాకపోతే ఎవరేమంటే అది నమ్మేసేవాడు. ఒకరోజు వచ్చి, "అంకుల్, మన కొట్లో చిప్సు, బిస్కట్లు, కూల్‌డ్రింకులు తప్ప ఏం లేవు. ఇప్పుడు జనమంతా ప్రోటీన్ అడుగుతున్నరు. వేడి వేడిగా ఇస్తే ఎట్లుంటది?" అన్నాడు. గుడ్లు, కోడి ముక్కలు, ఉడికించిన శనగలు, అన్నీ గాజు పెట్టెలో ఆవిరి మీద వేడిగా ఉంచి, కాగితం గిన్నెలో పెట్టి ఇవ్వాలట. ఆలోచన బాగానే ఉంది. దూర ప్రయాణం చేసేవాడికి కడుపులో నాలుగు బలమైన గింజలు పడితే మంచిదే కదా.

ముందు జనాన్ని అడిగి చూద్దామని బయల్దేరాడు. పెట్రోలు పోయించుకునే ప్రతివాడినీ, "ఇక్కడ వేడి వేడిగా ప్రోటీన్ స్నాక్స్ పెడితే కొంటారా అండీ?" అని అడిగాడు.

"ఆయ్, పెట్టండి, బాగుంటుందండి."

"రోజూ కొంటారా?"

"ఆయ్, అలాగేనండి."

ఒక్కడంటే ఒక్కడు కాదనలేదు. మేనేజరు మొహం మతాబాలా వెలిగిపోయింది. నేను పక్కనే ఉండి మీసాల్లో నవ్వుకున్నాను.

మా గోదావరి వాళ్ళ 'ఆయ్' గురించి తెలియని వాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం ఒక మాట. ఆయ్ అంటే అవును అని ఒక అర్థం. మీరు చెప్పింది నాకు వినబడింది అని ఇంకో అర్థం. మీ మాట కాదనడం మర్యాద కాదు కాబట్టి ఇలా అంటున్నాను, దయచేసి నన్ను నమ్మకండి అని మరో అర్థం. ఏది ఏదో తెలియాలంటే ఇక్కడ పుట్టాలి. ఆ సంగతి మేనేజరుకి చెప్పాను కూడా. ఆయన నవ్వి, "మీరు మరీ నెగెటివ్ అంకుల్" అన్నాడు. సరే, మన కొట్టా మన సొమ్మా అని ఊరుకున్నాను.

కొట్టు ముందు, బయటికి తెరిచిన వేడి కౌంటరు ఒకటి పెట్టించారు. దాంట్లో వంటకి మనిషి కావాలంటే ఆ అమ్మాయి వచ్చింది. మా కొత్తపేట పక్క ఊరే. కువైట్‌లో ఎవరింట్లోనో కొన్నేళ్ళు వంట చేసి తిరిగొచ్చింది. భర్త సంగతి తను చెప్పలేదు, నేను అడగలేదు. నన్ను వచ్చిన రోజే 'బాబాయిగారూ' అని వరస కలిపేసింది. ఏం చెప్పినా తల ఊపి 'ఆయ్' అనేది. ఆ అమ్మాయి నోట కాదు, లేదు, కుదరదు అనే మాటలు నేను వినలేదు. గట్టిగా మాట్లాడేది కాదు. కువైట్ ఇంట్లో అలవాటైపోయిందేమో మరి, అడుగుల చప్పుడు కూడా వినబడేది కాదు.

"అక్కడ చలికాలం వస్తే శనగలు ఉడకేసి, నిమ్మకాయ పిండి, జీలకర్ర పొడి చల్లి, ఆ ఉడుకు నీళ్ళతో సహా గిన్నెలో పోసి ఇస్తారండి బాబాయిగారూ. పిల్లలు చేతులు కాచుకుంటూ తింటారండి" అని చెప్పింది మొదటిరోజు. దానికి మన పద్ధతిలో ఆవాలు, ఎండుమిరప తాలింపు పెట్టి, పచ్చి కొబ్బరి కోరు, సన్నగా తరిగిన మామిడల్లం కలిపింది. ఆ గుగ్గిళ్ళు తిని నేను గిన్నె మళ్ళీ చాచాను. మా బిల్లు కౌంటరతను రెండో గిన్నె కూడా తిని, "అమ్మాయిగారూ, ఇది అమ్ముడుపోకపోతే ఈ భూమ్మీద న్యాయం లేనట్టేనండి" అన్నాడు.

ఈ బిల్లు కౌంటరతను ముమ్మిడివరం వైపు మనిషి, నడివయసువాడు, నోటికి హద్దు లేదు. వాళ్ళ నాన్నకి రొయ్యల చెరువు ఉండేదట. "రొయ్య మేత తిందా లేదా అని పొద్దస్తమానం బెంగపడే ఇంట్లో పుట్టేనండి. పారిపోయి ఇక్కడికొస్తే, జనం శనగలు తిన్నారా లేదా అని బెంగపడే ఉద్యోగం దొరికింది" అనేవాడు.

ఆ అమ్మాయికో కూతురు. పాలు మానిన కొద్దికాలానికే వాళ్ళ అమ్మ దగ్గర వదిలేసి కువైట్ వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పిల్ల బడికి వెళుతోంది. అమ్మమ్మని 'అమ్మా' అని పిలుస్తోంది. కన్నతల్లిని 'కువైటమ్మ' అంటోంది. తిట్టడం కాదు, వెక్కిరింత అంతకన్నా కాదు. అమలాపురం అత్త, రాజోలు మామ్మ అన్నట్టే, వాళ్ళు ఎక్కడుంటారో ఆ ఊరు పెట్టి పిలవడం మనకి అలవాటేగా. అలాంటిదే ఇదీ. ఆ పెద్దావిడ ఒకసారి కొట్టుకొచ్చినప్పుడు నాతో చెప్పింది. "ఈవిడ అక్కడి నుంచి ప్రతి శుక్రవారం ఫోను చేసేదండి. చివర్లో 'ఉంటానమ్మా, ఉంటాను' అని పెట్టేసేది. ఇదేమో, 'అమ్మా, కువైటమ్మ ఎప్పుడూ ఉంటానంటుంది, మరి ఉండదేంటి?' అని అడిగేదండి. ఏం చెప్పనండి నేను?" అని పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

అదీ ఆ అమ్మాయి ఇరకాటం. కువైట్‌లో ఆ ఇంటివాళ్ళు మళ్ళీ రమ్మంటున్నారు. ఏజెంటు వీసా తెచ్చి పెట్టుకుని రోజు విడిచి రోజు ఫోను చేస్తున్నాడు. ఈ కౌంటరు నిలబడితే ఇక్కడే ఉండి, పిల్ల నోట ఆ 'కువైట్' ఊడిపోయే దాకా ఎదురుచూడొచ్చు. నిలబడకపోతే పాస్‌పోర్టు ఏజెంటు చేతిలో పెట్టి విమానం ఎక్కాలి. పాస్‌పోర్టుని జిప్పు కవర్లో పెట్టి, కౌంటరు కింద ఉప్పు డబ్బా వెనక ఉంచేది. ఇంట్లో ఎందుకు పెట్టలేదమ్మా అంటే, "పిల్ల చూస్తుందండి" అంది.

దసరా వెళ్ళాక బోర్డు వచ్చింది. కౌంటరు నెత్తిన పెట్టే, లోపల దీపాలుండే పెద్ద బోర్డు. హెడ్డాఫీసు వాళ్ళు ముచ్చటపడి తెలుగులో రాయించారు. తెల్లటి వెలుగులో ఎర్రటి అక్షరాలు, ఇంతింత లావున.

'వేడి వేడి మాంసకృత్తులు.'

చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో చదువుకున్నాం కదా, పిండి పదార్థాలు, కొవ్వు పదార్థాలు, మాంసకృత్తులు అని. ప్రోటీన్‌కి సరైన తెలుగు మాట. తప్పేం లేదు. అదే మా కొంప ముంచింది.

మొదట 'వేడి' దగ్గర తగువొచ్చింది. ఒక పెద్దాయన బోర్డు చదివి, "ఇవి వేడి చేస్తాయాండీ?" అని అడిగాడు. వేడిగా ఉంటాయండీ అన్నాను. "అదే అంటున్నానండి. నా ఒళ్ళు అసలే వేడి. మజ్జిగ ప్యాకెట్ ఉంటే ఇప్పించండి" అన్నాడు. వేడి అనేది పొయ్యి మీది మాట మాత్రమే అనుకున్నారు హెడ్డాఫీసు వాళ్ళు. మనకి అది కడుపులోకి, కళ్ళల్లోకి, అరికాళ్ళలోకి కూడా వెళ్ళే మాట. పైగా వాళ్ళు వేడి, వేడి అని రెండుసార్లు రాయించారు!

అయినా గుడ్లు కొన్ని, కోడి ముక్కలు కొన్ని పోయేవి. ఈలోగా దీపావళి వెళ్ళి కార్తీకం వచ్చింది. నీసు తినేవాళ్ళే లేరు. గుడ్లు, కోడి మానేశాం. ఆ అమ్మాయి శనగల కోసం కొత్త డేకిసా కొనుక్కొచ్చింది, గుడ్డు తగిలిన గిన్నె అని ఎవరైనా అంటారేమోనని. ఉల్లిపాయ మానేసింది. పొద్దున్నే స్నానం చేసి, నుదుట బొట్టు పెట్టుకుని, పూజకి కూర్చున్నట్టు కూర్చునేది ఆవిరి వెనక.

జొన్నాడ రేవులో స్నానాలు చేసి జనం తడిబట్టల్తో గుంపులు గుంపులుగా వచ్చేవారు. కొట్టు దాకా వచ్చి, తలెత్తి బోర్డు చూసి, ఆగిపోయేవారు.

"అయ్యయ్యో, మాంసం కొట్టే ఇది! పదండి పదండి."

నేను బయటికి పరిగెత్తేవాణ్ణి. "మాంసం కాదండీ, మాంసకృత్తులండి! శనగలండి!"

"ఆయ్, అలాగేనండి" అని దణ్ణం పెట్టి మరీ వెళ్ళిపోయేవారు. ఇది మూడో రకం ఆయ్ అని వేరే చెప్పక్కర్లేదు.

ఒకాయనైతే నన్ను పక్కకి పిలిచి, "చదువుకున్నవారిలా ఉన్నారు. ఈ నెలయినా ఆ పాపం మానొచ్చు కదండీ" అన్నాడు. నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. లోపలికొచ్చేసరికి ఆ అమ్మాయి గరిటె పట్టుకుని అలాగే చూస్తోంది. ఆ రోజు శనగలన్నీ బంకులో పనిచేసేవాళ్ళే తిన్నారు.

మేనేజరుకి ఫోను చేసి బోర్డు మార్పించమన్నాను.

"ప్రోటీన్‌కి తెలుగు అదే కదా అంకుల్? ఆఫీసులో తెలుగు ఎమ్మే చదివినాయన రాసిండు."

"సరైన తెలుగే సార్. సరిగ్గా ఉండటమే వచ్చిన చిక్కు. 'గుగ్గిళ్ళు' అని ఒక కాగితం అంటించుకోనివ్వండి."

"నో నో. అన్ని స్టోర్లల్ల ఒకటే బోర్డు ఉండాలె. పర్మిషన్ లేకుండా బోర్డు మీద ఒక్క అక్షరం ముట్టుకోవద్దు. రూల్."

రూలంటే రూలే. నేను ముట్టుకోలేదు. ఆ తర్వాత రెండు మూడు రోజులకి, మంచు దిగిందో, బల్లి దూరిందో, బోర్డులో ఎడమ పక్క దీపాలు ఆరిపోయాయి. కంపెనీకి కబురు పంపాను. మనిషిని పంపిస్తామన్నారు. పంపలేదు. పైన బంకు కప్పుకి ఉన్న దీపాల వెలుగు పట్టపగల్లా ఉండటం వల్ల, ఆరిన అక్షరాలూ బాగానే కనబడేవి. మా గతి ఏం మారలేదు.

ఇక ఆ సోమవారం. కార్తీక సోమవారం అంటే మీకు తెలుసు కదా, చాలామంది పొద్దున్నుంచి ఉపవాసం ఉండి, చీకటి పడ్డాక ఆకాశంలో చుక్కని చూసి అప్పుడు తింటారు. ఆ ఆశతో ఆ అమ్మాయి కొత్త డేకిసా నిండా శనగలు ఉడకేసింది. వాళ్ళమ్మ కూడా ఉపవాసమే. మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చి, రేవులో దీపం వదిలి, కొట్టు దగ్గరికి వచ్చి కూర్చుంది. చుక్క చూసి, అమ్మకం అయ్యాక ముగ్గురూ కలిసి ఆటోలో ఇంటికి వెళ్ళాలని.

మేనేజరు సరిగ్గా మసక చీకటి వేళకి కారు దిగాడు. మొహం వేలాడిపోయి ఉంది. డేకిసా మూత తీసి చూశాడు.

"ఇంతెందుకు ఉడకబెట్టిన్రమ్మా?"

"సోమవారం కదండీ" అంది ఆ అమ్మాయి.

ఆయన నన్ను పక్కకి తీసుకెళ్ళాడు గానీ, ఆ చిన్న కొట్లో పక్క అనేది ఎక్కడుంది? "పైనుంచి ఆర్డర్ అంకుల్. ఒకటో తారీఖు నుంచి కౌంటర్ తీసేస్తున్నం. ఆమెకి మీరే చెప్పండి."

చెప్పే పని లేకుండా ఆ అమ్మాయి వినేసింది. ఆయన వైపు తిరిగి, "ఆయ్" అంది. అంతే. వంగి, ఉప్పు డబ్బా వెనక నుంచి జిప్పు కవరు తీసి గల్లా పక్కన పెట్టింది. ఫోను తీసి ఏజెంటుకి చేసి, వచ్చి తీసుకెళ్ళండి అని చెప్పింది. ఆయన రావులపాలెంలోనే ఉన్నాడట, ఇప్పుడే వచ్చేస్తానన్నాడట. నేను కాగితం గిన్నెల దొంతర తీసి, మళ్ళీ సర్ది పెట్టాను. బిల్లు కౌంటరతను, నోటికి హద్దు లేని మనిషి, ఆ రోజు తల దించుకుని బిల్లు మిషను తుడుస్తూ ఉండిపోయాడు.

అప్పుడు వచ్చింది పంచారామాల యాత్ర బస్సు. ఉదయం నుంచి గుళ్ళన్నీ తిరిగి తిరిగి, ద్రాక్షారామం వెళుతూ డీజిలు కోసం ఆగింది. నిండా ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. అందరూ ఉపవాసం. నీరసంగా దిగి, తలలెత్తి ఆకాశం వైపు చూస్తున్నారు. అల్పపీడనం మబ్బులు అక్కడక్కడా ఉన్నాయి. దానికి తోడు బంకు దీపాలు కళ్ళల్లో పొడుస్తున్నాయి. ఒక మామ్మగారు విసుక్కుంది.

"ఈ దిక్కుమాలిన లైట్లేంటి నాయనా, చుక్క కాదు కదా, చంద్రుడు కూడా కనబడేట్టు లేడు!"

మా బిల్లు కౌంటరతను ఏమనుకున్నాడో ఏమో, కొట్లో దీపాలు ఆర్పి, బయటికి వెళ్ళి బంకు వాళ్ళతో మాట్లాడాడు. "రెండు నిమిషాలేనండీ బాబూ, డీజిలు కొట్టడం కూడా ఆపేస్తున్నాం" అంటూ వాళ్ళు కప్పు కింద దీపాలన్నీ ఆర్పేశారు.

పిల్లలూ, ఆ రెండు నిమిషాలు నేను మాటల్లో పెట్టలేను. ఒక్కసారిగా చీకటి వచ్చి మా అందరి మీదా దుప్పటిలా పడింది. రేవు వైపు నుంచి నీటి చలి తగిలింది. దూరంగా నది మీద ఆకు దొన్నెల్లో వదిలిన దీపాలు కదులుతున్నాయి. హైవే మీద లారీల చప్పుడు కూడా ఎక్కడో వేరే ఊళ్ళో వినబడుతున్నట్టుంది. అందరి మొహాలూ పైకి ఉన్నాయి. ముసలివాళ్ళ మొహాలు కూడా చిన్నపిల్లల మొహాల్లా అయిపోయాయి. ఆ చీకట్లో వెలిగేది ఒక్కటే, మా బోర్డులో బతికున్న సగం.

'కృత్తులు.'

దాని కింద కొత్త డేకిసా, తెల్లగా ఆవిరి.

ఇంతలో ఎవరో "అదిగో!" అన్నారు. తూర్పున మబ్బు విడిన చోట చిన్న మినుకు. దణ్ణాలు, శివనామాలు. ఆ మామ్మగారు కూడా దణ్ణం పెట్టుకుని, చెయ్యి దించుతూ, బోర్డు చూసి ఆగింది. కూడబలుక్కుని చదివింది.

"కృత్తులు... కృత్తులంటే ఏంటమ్మా? కృత్తికలా?"

"ఆయ్" అంది ఆ అమ్మాయి, అలవాటు కొద్దీ.

"అదే అనుకున్నాను. కృత్తికా నక్షత్రం కదే, ఈ నెలకి పేరే దాన్ని బట్టి వచ్చింది! చుక్క చూశాక తినే ప్రసాదం కాబోలు. ఏం వేశావు తల్లీ?"

"శనగలండి. కొబ్బరి కోరు, మామిడల్లం అండి."

"ఉల్లిపాయ?"

"మానేశానండి."

"గుడ్డు గట్రా తగిలిన గిన్నె కాదు కదా?"

"కొత్త డేకిసా అండి. ఈ నెలకే కొన్నానండి."

"నాకు రెండు గిన్నెల కృత్తులు పెట్టు."

అంతే. బస్సు బస్సంతా కౌంటరు ముందుకొచ్చేసింది. కృత్తులు, కృత్తులు అంటూ అరచేతులు చాచారు. నేను కాగితం గిన్నెలు అందిస్తూ, బిల్లు కౌంటరతను నిమ్మకాయలు కోస్తూ, బంకు దీపాలు మళ్ళీ ఎప్పుడు వెలిగాయో కూడా చూసుకోలేదు. దీపాలొచ్చాక ఒకావిడ పూర్తి బోర్డు చదివిందనుకుంటాను, నమలడం ఆపి ఒక క్షణం ఆలోచించింది. చేతిలో గిన్నె వైపు చూసుకుంది. శనగలు శనగల్లాగే ఉన్నాయి. మళ్ళీ తినడం మొదలెట్టింది.

గుంపు వెనక మేనేజరు నిలబడి ఉన్నాడు. "అంకుల్, నాకు కూడా ఒకటి" అన్నాడు చిన్నగా. పొద్దున్నుంచి ఆయనా ఉపవాసమేనట, ఇంటావిడ ఒట్టు పెట్టించుకుందట. మొహం ఎందుకు వేలాడిపోయి ఉందో అప్పుడు తెలిసింది. వేడి గిన్నె రెండు చేతుల మధ్య పట్టుకుని, నిలబడే తిని, ఉడుకు నీళ్ళు కూడా తాగేశాడు. తిన్నాక తలెత్తి బోర్డు చూశాడు.

"సగం ఆరిపోయింది కదా. రిపేర్ చేయించలే?"

"పర్మిషన్ లేకుండా బోర్డు ముట్టుకోవద్దన్నారు కదా సార్" అన్నాను. అంత తృప్తిగా నేను నా సర్వీసులో ఇంకే మాటా అనలేదు.

ఆయన నవ్వేశాడు. "సరే. ఇంకో నెల చూద్దాం. పైవాళ్ళతో నేను మాట్లాడతా" అన్నాడు.

తర్వాత సంగతి ముందే చెప్పేస్తాను. ఆ నెల గడిచింది, మార్గశిరం వచ్చింది, కౌంటరు ఆగలేదు. ఆ మాట ఈ నోటా ఆ నోటా పాకి, కె.గంగవరం దాకా వెళ్ళింది. అటు నుంచి వచ్చేవాళ్ళు బండి దిగుతూనే "కృత్తులున్నాయాండీ?" అని అడిగేవారు. అమ్మకం చూసి సంబరపడిపోయిన కంపెనీ, మాకు బహుమానంగా మనిషిని పంపించి బోర్డు బాగుచేయించింది! లోపల నిజంగానే బల్లి ఉంది, పాపం ఎండిపోయి. ఆ బల్లికి నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను. 'మాంస' మళ్ళీ వెలిగింది. కానీ అప్పటికి దాన్ని చదివేవాళ్ళు లేరు. ఆ అమ్మాయి కూతురు కూడా తర్వాత పరీక్షలో 'శనగల్లో కృత్తులు ఉంటాయి' అని రాసి, మార్కు పోగొట్టుకుని, మా బిల్లు కౌంటరతనితో తగువేసుకుంది. నేను రిటైరైన రోజున కూడా అక్కడ ఒక గిన్నె తినే వచ్చాను.

ఉద్యోగం గురించి నేను మీకు నేర్పేది పెద్దగా ఏం లేదు. మీరు మంచి సరుకు పెట్టినా, సరైన మాట రాసినా, కష్టపడి నిలబడినా, ఒక్కోసారి బల్లి వచ్చి దూరితే గానీ పని అవ్వదు. అది మీ తప్పు కాదు. డేకిసా మాత్రం శుభ్రంగా ఉంచుకోండి.

కానీ ఇదంతా చెప్పి అసలు సంగతి దాటేశాను. చీకట్లో "అదిగో" అన్నది ఎవరో చెప్పలేదు కదూ.

ఆ పిల్ల. అందరూ నడినెత్తిన వెతుకుతుంటే, తూర్పున చెట్ల మీద మబ్బు సందులో ఆ మినుకుని ముందుగా చూసింది ఆ పిల్లే. చూస్తూనే కేక పెట్టింది.

"అమ్మా! అదిగో చుక్క!"

పక్కనే కూర్చున్న పెద్దావిడ గబుక్కున లేచింది. "ఏదే తల్లీ, ఎక్కడ?"

"నువ్వు కాదు అమ్మమ్మా" అంది పిల్ల, కౌంటరు వైపు చూస్తూ. "అమ్మకి చెబుతున్నాను."

ఆవిరి వెనక గరిటె ఆగిపోయింది. ఆ పెద్దావిడ చుక్క వైపు తిరిగి చేతులు జోడించి, అలా జోడించిన చేతులతోనే కళ్ళు ఒత్తుకుని, నాకేసి చూసి నవ్వింది. "చూశారాండీ, ఇన్నాళ్ళకి నన్ను అమ్మమ్మని చేసేసింది" అంది. ఇన్నేళ్ళు మోసిన పేరు చేతిలోంచి జారిపోతుంటే ఎవరైనా అంత సంతోషంగా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

ఆ తర్వాతే మామ్మగారు కృత్తులు అడగడం, బస్సంతా మీద పడటం. తీసేస్తామన్న మాట మేనేజరు ఇంకా వెనక్కి తీసుకోలేదు. కౌంటరు ఉంటుందో ఊడుతుందో ఎవరికీ తెలియదు. జిప్పు కవరు గల్లా పక్కన అలాగే ఉంది. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. ఏజెంటు. ఆ అమ్మాయి చెవికీ భుజానికీ మధ్య ఫోను నొక్కిపెట్టి, గిన్నెలో శనగలు వేస్తూనే వింది.

"ఆయ్" అంది. అందిస్తున్న కాగితం గిన్నె నా చేతిలోనే ఉండిపోయింది.

"ఆయ్, వంతెన మీద ఉన్నారాండీ." ఇంకో గరిటె వేసింది. పిల్ల కౌంటరు చెక్క పట్టుకుని, మునివేళ్ళ మీద లేచి, తల్లి మొహంలోకే చూస్తోంది.

ఆ అమ్మాయి గరిటె డేకిసాలో పెట్టేసి, ఫోను చేత్తో పట్టుకుంది.

"కాదండి. మీరు రావద్దండి. నేను వెళ్ళనండి" అంది. అవతల ఆయన ఏదో గట్టిగా అంటున్నాడు. కాసేపు వింది. తర్వాత, ఫోను పెట్టేసేటప్పుడు మనందరం అనే మాటే, ప్రతి శుక్రవారం కువైట్ నుంచి తను అన్న మాటే, పిల్ల వైపు చూస్తూ మెల్లిగా అంది.

"ఉంటానండి."